తాపత్రయం నుండి భూతాపం వరకు: ప్రకృతి వైపరీత్యాలలో కర్తృత్వ విచారణ

ప్రవేశిక

'తాపత్రయం' అనే మాటకు తెలుగులో ఇవాళ రెండు అర్థాలున్నాయి. శాస్త్ర పరిభాషలో అది ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అనే మూడు విధాల దుఃఖం. వాడుకలో అది ఆరాటం. సంపాదించాలనీ, కూడబెట్టాలనీ, తనవాళ్లకు ఏ లోటూ రాకూడదనీ మనిషి పడే ఆత్రం. "పిల్లల కోసం తాపత్రయపడుతున్నాడు" అన్నప్పుడు మాట్లాడేవారికి గానీ వినేవారికి గానీ సాంఖ్యశాస్త్రం గుర్తుకు రాదు. దుఃఖాన్ని తెలిపే పదం కాలక్రమంలో ఆరాటాన్ని తెలిపే పదమైంది. ఈ అర్థపరిణామం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ భూతాపం గురించి నైతిక దృష్టితో ఆలోచించేవారికి అది చాలా ఉపకరిస్తుంది.

భూతాపం, కాలుష్యం గురించి తెలుగులో వెలువడుతున్న రచనలు ఎక్కువగా రెండు మార్గాలలో సాగుతున్నాయి. మొదటిది విజ్ఞానశాస్త్ర ఫలితాలను పాఠకులకు అందించే మార్గం. రెండవది మన ప్రాచీన వాఙ్మయంలోని ప్రకృతి ఆరాధనను గుర్తుచేసి, దానికి తిరిగి మళ్లమని కోరే మార్గం. రెండూ అవసరమే. అయితే జరుగుతున్న హానికి కర్త ఎవరు, బాధితునికి మిగిలినవారు చేయవలసింది దయతో కూడిన సహాయమా, న్యాయంగా చెల్లించవలసిన బాకీయా అన్న ప్రశ్న ఈ రెండు మార్గాలలోనూ వెనుకబడిపోతుంది. తాపత్రయ విభజనను ఆధారంగా చేసుకుని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భూతాపం వల్ల ఆధిదైవికానికీ ఆధిభౌతికానికీ మధ్యనున్న గీత చెదిరిందనీ, అందువల్ల దయ పరిధిలో ఉన్న దుఃఖాలలో చాలా భాగం న్యాయం పరిధిలోకి వచ్చిందనీ ఇక్కడి ప్రతిపాదన.

తాపత్రయ విభజన – దాని నైతిక ఫలితం

ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక దుఃఖత్రయ ప్రస్తావనతోనే మొదలవుతుంది. మూడు విధాల దుఃఖం మనిషిని బాధిస్తున్నది కనుకనే దానిని తొలగించే ఉపాయాన్ని గురించి జిజ్ఞాస పుడుతుందని మొదటి కారిక తాత్పర్యం. సాంఖ్య వ్యాఖ్యలు ఈ మూడింటినీ వివరిస్తాయి. వాత పిత్త శ్లేష్మాల వైషమ్యం వల్ల శరీరానికి, కామక్రోధాదుల వల్ల మనసుకు కలిగేది ఆధ్యాత్మికం. మనుషులు, మృగాలు, పాములు, దోమలు మొదలైన ఇతర ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం. చలి, ఎండ, గాలి, వాన, పిడుగుపాటు వంటి వాటి వల్ల కలిగేది ఆధిదైవికం. వ్యాఖ్యాతల మధ్య వివరాలలో భేదాలున్నాయి. వాచస్పతి మిశ్రుడు ఆధిదైవికంలో యక్షరాక్షసగ్రహాదుల ఆవేశాన్ని చెప్పాడు. భేదాలెన్ని ఉన్నా ఈ విభజనకు ప్రాతిపదిక ఒక్కటే: దుఃఖం ఎక్కడి నుండి వచ్చింది?

మూలాన్ని బట్టి చేసిన ఈ విభజన మోక్షశాస్త్రానికి సంబంధించినదే అయినా, దానివెంట ఒక నైతిక ఫలితం ఉంది. ఆధిభౌతిక దుఃఖానికి, కనీసం అది మనిషి వల్ల కలిగినప్పుడు, ఎవరినైనా అడగవచ్చు. పొరుగువాడు గట్టు తెంచితే పంచాయితీ పెట్టవచ్చు. ఆధిదైవిక దుఃఖానికి అడగడానికి ఎవరూ లేరు. ఉరుము మీద ఫిర్యాదు చేయలేము. అందుకే వరద వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఇచ్చేదాన్ని 'సహాయం' అంటాము, 'పరిహారం' అన్నా అందులో ఎవరి దోషాన్నీ ఒప్పుకోము. దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ఎక్కడ గీస్తామన్నది రాజకీయ నిర్ణయమేగాని ప్రకృతిసిద్ధం కాదని జూడిత్ ష్క్లార్ 1990లో వెలువరించిన గ్రంథంలో వాదించింది. ఆమె చెప్పిన గీత మన పరిభాషలో ఆధిదైవికానికీ ఆధిభౌతికానికీ నడుమ ఉంది.

ఆ గీత ఎంత జరుగుతుందో చూడడానికి మన తీరమే చాలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. నాటి జనం దానిని దైవఘటన అన్నారు. కానీ ఆ తరువాత తీరంలో తుఫాను రక్షణ భవనాలు, హెచ్చరిక వ్యవస్థ, ముందుగా ఊళ్లు ఖాళీ చేయించే పద్ధతి ఏర్పడ్డాయి. ఇవాళ అలాంటి ఉప్పెనలో అన్ని ప్రాణాలు పోతే దానిని ఎవరూ దైవానికి మాత్రమే వదలరు, హెచ్చరించవలసినవారిని నిలదీస్తారు. నివారించే శక్తి పెరిగినకొద్దీ దురదృష్టం అన్యాయం వైపు జరుగుతుంది. భూతాపం విషయంలో జరిగింది ఇంతకంటె మౌలికమైన మార్పు. ఇక్కడ మనిషి చేతిలోకి వచ్చింది నివారణ మాత్రమే కాదు, కారణం కూడా.

ఆధిదైవికం ఆధిభౌతికమైన తీరు

పారిశ్రామిక యుగానికి ముందు వాతావరణంలో పదిలక్షల భాగాలకు సుమారు 280 భాగాలున్న కార్బన్ డై ఆక్సైడ్ ఇప్పుడు 420 భాగాలు దాటింది. బొగ్గు, చమురు, సహజవాయువు మండించడం, అడవులు నరకడం ఇందుకు ముఖ్యకారణాలు. 1850–1900 మధ్య కాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూతలం సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. వాతావరణాన్నీ, సముద్రాన్నీ, నేలనూ వేడెక్కించింది మానవ ప్రభావమేనన్న విషయంలో సందేహానికి తావులేదని వాతావరణ మార్పుపై ప్రభుత్వాంతర సంఘం 2021 నివేదికలో తేల్చింది.

అదనపు వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రం తనలోకి తీసుకుంది. మనం వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును కూడా అదే పీల్చుకుంటున్నది. ఇంతకాలం మనకు ఎండ తీవ్రత తగ్గించిన ఆ ఉపకారానికి మూల్యం సముద్రజీవులు చెల్లిస్తున్నాయి. నీరు క్రమంగా ఆమ్లత వైపు జరుగుతూ ఉంటే నత్తలు, పగడాలు తమ సున్నపు కవచాలను కట్టుకోవడం కష్టమవుతుంది. నీరు వేడెక్కితే పగడపు పురుగు తనలో నివసించే నాచును వెలివేస్తుంది. తనకు రంగునూ ఆహారాన్నీ ఇచ్చేది ఆ నాచే కనుక తెల్లబోయి, వేడి తగ్గకపోతే చనిపోతుంది. భూతాపం 1.5 డిగ్రీలకు చేరితే పగడపు దిబ్బలు 70 నుండి 90 శాతం వరకు, 2 డిగ్రీలకు చేరితే 99 శాతానికి పైగా క్షీణిస్తాయని అదే సంఘం 2018 నివేదిక అంచనా. అర డిగ్రీ తేడాలో ఒక జీవావరణ వ్యవస్థ ఉనికి తేలిపోతున్నది.

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లది మరొక రకం కథ. వీటిలో పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గుడ్డు పొదిగిన ఇసుక వేడి. ఇసుక వేడెక్కినకొద్దీ ఆడపిల్లలు పెరుగుతాయి, మగవి తగ్గుతాయి. ఇక్కడ ఏ ఒక్క తాబేలునూ ఎవరూ గాయపరచలేదు. పుట్టిన ప్రతి పిల్లా ఆరోగ్యంగానే సముద్రంలోకి వెళ్తుంది. అయినా జాతి భవిష్యత్తు దెబ్బతింటుంది.

తాపత్రయ విభజన ఇక్కడ ఒక విచిత్రమైన తలకిందులకు లోనవుతుంది. శాస్త్రకారులు ఆధిభౌతికాన్ని చెప్పినప్పుడు పాము, దోమ, మృగం మనకు దుఃఖహేతువులుగా కనిపించాయి. ఇప్పుడు వాటి వైపు నుండి చూస్తే మనమే వాటికి ఆధిభౌతికం. అంతటితో ఆగలేదు. ఎండనూ వాననూ మార్చగలిగిన శక్తిగా తాబేలుకు మనం ఆధిదైవికమయ్యాము. దేవతల స్థానం మనకు దక్కిందిగాని, ఆ స్థానానికి తగిన వివేకం దానితోపాటు రాలేదు.

ఒక పూర్వపక్షం: రాజదోషం – అనావృష్టి

ఇందులో కొత్తదనమేముంది, మనిషి నడతకూ వర్షానికీ సంబంధం ఉందని మన వాఙ్మయం మొదటినుండీ చెబుతూనే ఉన్నది కదా అని ఆక్షేపించవచ్చు. రాజు ధర్మం తప్పితే వానలు కురవవు. అంగరాజైన రోమపాదుని అపచారం వల్ల కలిగిన అనావృష్టిని తొలగించడానికే ఋష్యశృంగుణ్ణి రప్పించవలసి వచ్చింది. ధర్మపాలన సాగితే నెలకు మూడు వానలు కురుస్తాయన్న మాట మన పల్లెలలో నిన్నమొన్నటి దాకా వినిపించింది. అంటే ఆధిదైవికం వెనుక మనిషి చేత ఉందని పూర్వులు గుర్తించారన్నమాట.

ఈ ఆక్షేపానికి బలముంది, కాని రెండు భేదాలను అది పట్టించుకోదు. మొదటిది, అక్కడ రాజదోషానికీ అనావృష్టికీ మధ్య దైవం ఉంది. దోషాన్ని చూసి, తూచి, శిక్షించేవాడు ఒకడున్నాడు. కనుక ప్రసన్నుణ్ణి చేసుకునే మార్గమూ ఉంది. రోమపాదుడు పశ్చాత్తాపపడ్డాడు, వాన కురిసింది. భూతాపంలో నడుమ ఎవరూ లేరు. గాలిలో చేరిన వాయువు మన పశ్చాత్తాపాన్ని వినదు. ఇవాళ పొగ గొట్టాలన్నీ ఆగినా, ఇప్పటికే చేరిన కార్బన్ డై ఆక్సైడ్‌లో కొంత భాగం శతాబ్దాల తరబడి అక్కడే ఉంటుంది. రెండవది, అక్కడ రాజు దోషం వల్ల బాధపడినది ఆ రాజ్యమే. ప్రజలు నిర్దోషులైనా ఆ రాజుకు చెందినవారు. ఇక్కడ దోషం ఒక ఖండంలో, ఫలం మరొక ఖండంలో. దోషం ఒక తరానిది, ఫలం ఇంకొక తరానిది. దోషం మనిషిది, ఫలం తాబేలుది.

ఈ రెండవ భేదమే ఈ చర్చకు కీలకం. దానికి మన దర్శనశాస్త్రాలలో ఒక పేరు సిద్ధంగా ఉంది.

అకృతాభ్యాగమం

కర్మసిద్ధాంతాన్ని సమర్థించే దార్శనికులు రెండు దోషాలను ఎప్పుడూ కలిపి చెబుతారు. చేసినవానికి ఫలం అందకపోవడం కృతహాని. చేయనివానికి ఫలం రావడం అకృతాభ్యాగమం. క్షణికవాదాన్ని ఖండించేటప్పుడు, సంసారం అనాది అని స్థాపించేటప్పుడు వారు ప్రయోగించిన ప్రధానాయుధం ఇదే. ఒక సిద్ధాంతాన్ని అంగీకరిస్తే ఈ దోషాలు తప్పవని చూపగలిగితే ఆ సిద్ధాంతం కూలినట్లే. చేసినవాడొకడు, అనుభవించేవాడు మరొకడు అయ్యే ప్రపంచం తర్కానికి నిలవదని వారి దృఢవిశ్వాసం.

భూతాపం ఆ దోషాన్ని సిద్ధాంతంలో నుండి తీసి లోకంలో పెట్టింది. ఒక భారతీయుని వంతున ఏడాదికి వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ సుమారు రెండు టన్నులు, ఒక అమెరికా నివాసి వంతున వెలువడేది దానికి సుమారు ఏడు రెట్లు. ఇంతవరకు గాలిలో చేరిన మొత్తంలో దాదాపు నాలుగో వంతు అమెరికా సంయుక్త రాష్ట్రాలది. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అధికారిక లెక్కల ప్రకారమే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వడదెబ్బకు మొదట బలయ్యేది ఎండలో పనిచేయక తప్పని కూలీలు, ఎండ నుండి తప్పించుకోలేని వృద్ధులు. వాతావరణాన్ని వేడెక్కించడంలో వారి వంతు లెక్కకు అందనంత చిన్నది. దేశాల మధ్య ఉన్న ఈ అంతరం దేశం లోపలా ఉంది, ఒక్కొక్కసారి ఒకే కుటుంబంలోనూ ఉంది. కొడుకు డాలస్‌లో, తల్లిదండ్రులు ఏలూరులో ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. కర్తృత్వం, భోక్తృత్వం ఒకే ఇంటిలో ఇద్దరికి పంచబడిన ఆ స్థితిలో ఎవరి మీదా ద్వేషానికి తావులేదు. అయినా పంపకం న్యాయమైనదని ఎవరూ అనలేరు.

ఇక్కడ ఒక సమాధానం సులభంగా తోస్తుంది: వడదెబ్బకు గురైన కూలీది పూర్వజన్మ కర్మ, కనుక అకృతాభ్యాగమం లేదు. ఈ సమాధానాన్ని అంగీకరించినా చేసినవాని బాధ్యత తొలగదు. ఎదుటివాని ప్రారబ్ధం నా అపరాధానికి మినహాయింపు అయితే దొంగను కూడా శిక్షించలేము. కర్మసిద్ధాంతం బాధితుని ఓదార్చడానికి పనికివస్తుందేమోగాని, బాధించినవాడు దానిని తన పక్షాన సాక్ష్యంగా తెచ్చుకోవడం ఏ ధర్మశాస్త్రానికీ సమ్మతం కాదు.

ఉద్దేశం లేని హాని

కర్త ఎవరో తేలినా మరొక చిక్కుంది. ఎవరూ హాని చేయాలని చేయలేదు. మన భాషలో కాలుష్యానికి మూలమైన 'కలుషం' అనే మాటకు సంస్కృతంలో మురికి అనీ పాపం అనీ రెండర్థాలు. నీరు మురికి కావడం, మనసు చెడడం ఒకే మాటలో కలిసి ఉన్నాయి. ఇది మనలను ఒక పొరపాటుకు లోనుచేసే ప్రమాదం ఉంది. మురికి ఉన్నచోట పాపి ఉండాలని వెతుకుతాము. దొరకకపోతే బాధ్యులే లేరనుకుంటాము.

రాబందుల ఉదంతం ఈ పొరపాటును స్పష్టం చేస్తుంది. 1980లలో మన దేశంలో కోట్ల సంఖ్యలో ఉన్న రాబందులు రెండు దశాబ్దాలలో దాదాపు కనుమరుగయ్యాయి. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గాయి. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. పశువుల నొప్పి తగ్గించడానికి వాడిన మందు అది. ఆ మందు మిగిలి ఉన్న కళేబరాన్ని తిన్న పక్షికి మూత్రపిండాలు చెడిపోతాయి. 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. కుంటుతున్న ఎద్దుకు మందు వేయించిన రైతులో పాపం లేదు, ఉన్నది దయ. ఆ దయే ఒక పక్షిజాతిని అంతం అంచుకు నెట్టింది. జటాయువును తలచుకునే దేశంలో ఇది జరిగింది.

రైతును పాపి అనలేము. తెలిసిన తరువాత కూడా ఆ మందునే అమ్మితే, వాడితే మాత్రం మాట వేరు. అంటే ఈ రంగంలో బాధ్యతకు ఆధారం ఉద్దేశం కాదు, ఎరుక. హాని గురించి తెలిసిన క్షణం నుండి నిర్దోషిత్వం క్రమంగా తరిగిపోతుంది. సాంకేతిక శక్తి ఎంత దూరం చేరుతుందో ముందుచూపు కూడా అంత దూరం చేరవలసిన బాధ్యత ఉందని హాన్స్ యోనాస్ 1979లో ప్రచురించిన గ్రంథంలో చేసిన వాదన సారం ఇదే. భూతాపం విషయంలో ఆ ఎరుక లేదని చెప్పే అవకాశం ఎప్పుడో దాటిపోయింది. ప్రపంచ దేశాలు రియో డి జనీరోలో వాతావరణ ఒడంబడికపై సంతకాలు చేసినది 1992లో.

నా వంతు ఎంత, నేను మానితే ఎంత తగ్గుతుంది అన్న సందేహానికి మన జానపద కథ ఒకటి జవాబు చెబుతుంది. రాజు తొట్టి నింపడానికి ఇంటికొక చెంబెడు పాలు తెచ్చి పొయ్యమంటాడు. అందరూ పాలు పోస్తారు, నా చెంబెడు నీళ్లు ఎవరికి తెలుస్తాయని ప్రతివాడూ అనుకుంటాడు. తెల్లవారేసరికి తొట్టినిండా నీళ్లే. ఒక్క చెంబు తేడా చేయదన్న లెక్క నిజమే, అందరూ చేసిన తప్పూ ఆ లెక్కే. అయితే ఈ కథను భూతాపానికి అన్వయించేటప్పుడు అందరి చెంబులూ ఒక పరిమాణంవి కావని గుర్తుంచుకోవాలి. కొందరిది చెంబు, కొందరిది కాలువ.

కొల్లేరు: భారం ఎవరిపై పడింది?

పైన చెప్పినదంతా ఒక స్థలంలో పరీక్షించుకోవడానికి కొల్లేరు తగినది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, లెక్కకు మిక్కిలి కాలువలు, మురుగు కోడులు చేరతాయి. ఉప్పుటేరు ద్వారా నీరు బంగాళాఖాతానికి పోతుంది. వరద వచ్చినప్పుడు రెండు డెల్టాల అదనపు నీటిని తనలో నిలుపుకుని మెల్లగా వదలడం దాని స్వాభావిక వృత్తి. గూడబాతులకు, శీతకాలపు వలసపక్షులకు అది ఆశ్రయం. 1999లో ఐదవ కాంటూరు వరకు దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల ఆ సరస్సుతో పెనవేసుకున్న జీవితం ఎలా చెదిరిందో తెలుగు పాఠకులకు చూపింది.

సరస్సును చెరిచినవి అనేకం. ఎగువ పట్టణాల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు, వరిచేల నుండి కొట్టుకువచ్చే ఎరువులు, పురుగుమందులు అందులో చేరాయి. గుర్రపుడెక్క కమ్ముకుంది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసి నీటి నడకను అడ్డుకున్నాయి. కొర్రమీను, మట్టగిడస తిరిగిన నీటిలో సంతకు పోయే బొచ్చె, శీలావతి పెంపకం పెరిగింది. దిగువన, వేసవిలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎదురెక్కుతుంది. సముద్రమట్టం పెరిగినకొద్దీ ఈ ఒత్తిడి ఎక్కువవుతుంది. స్థానిక కాలుష్యం ఎగువ నుండి, భూతాపం దిగువ నుండి ఒకే సరస్సును నొక్కుతున్నాయి.

2006లో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను తెంచింది. సరస్సు వైపు నుండి చూస్తే అది న్యాయమే. కానీ నష్టం అందరికీ ఒకేలా తగలలేదు. చెరువులలో పెట్టుబడి పెట్టిన పెద్దలకు వేరే ఆస్తులు, వేరే వ్యాపారాలు ఉన్నాయి. సరస్సు మీదనే తరతరాలుగా బతికిన లంక గ్రామాల జాలరికి, చెరువు గట్టున కూలి చేసుకునేవారికి పోయింది జీవనాధారం. మురుగు పంపిన పట్టణాలు, ఎరువు నీరు వదిలిన మాగాణులు, చవకగా చేప తిన్న దూరపు నగరాలు ఆ లెక్కలోకి రాలేదు. సరస్సుకు జరిగిన హానిలో అకృతాభ్యాగమం ఉంది, దానిని సరిదిద్దే ప్రయత్నంలోనూ అదే అకృతాభ్యాగమం మరల చోటుచేసుకుంది.

ఇందుకు సరస్సును పునరుద్ధరించకూడదని అర్థం కాదు. పేదల పేరు చెప్పి సరస్సును మరల ముక్కలు చేసుకునే వాదన కూడా తరచు వినిపిస్తుంది, ఆ వాదన వెనుక ఉన్నది ఎక్కువసార్లు పేదలు కారు. ప్రశ్న భారం పంపిణీకి సంబంధించినది. నీటి నడకను విడుదల చేయాలి. దాని వ్యయంలో సరస్సు నుండి లాభం పొందినవారు, సరస్సును మురుగుకు పళ్లెం చేసుకున్నవారు తమ వంతు మోయాలి.

కొల్లేటికి బుడమేరు ద్వారా ఉన్న సంబంధం 2024 సెప్టెంబరు మొదట్లో మరొకసారి బయటపడింది. అసాధారణ వర్షం కురిసి, బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఆ వరదను తాపత్రయంలో ఎక్కడ చేర్చాలి? వాన ఆధిదైవికం. కానీ వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది, ప్రతి డిగ్రీకి సుమారు ఏడు శాతం అదనంగా. కనుక పెద్దవానల తీవ్రతలో మనిషి వంతు ఉంది. ఏటి దారిలో వెలసిన కట్టడాలు, బలహీనమైన గట్లు పూర్తిగా ఆధిభౌతికం. పల్లపు స్థలమైనా చవకగా దొరికితే చాలునని కొనుక్కున్న చిన్న కుటుంబానిదీ, దానిని ప్లాట్లు చేసి అమ్మినవానిదీ తాపత్రయమే, కానీ ఒకటి కాదు. మొదటిది నిలువనీడ కోసం, రెండవది లాభం కోసం. ఒక్క వరదలో మూడు తాపాలూ ఉన్నాయి, వాటిని విడదీయడం కష్టం. విడదీయడం కష్టమైనంత మాత్రాన మొత్తాన్ని దైవం ఖాతాలో వేయడం న్యాయం కాదు.

దయ, న్యాయం, ఋణం

ఈ వివాదం అంతర్జాతీయ వేదిక మీద కూడా ఇదే రూపంలో సాగుతున్నది. 2015 పారిస్ ఒప్పందం వాతావరణ మార్పు వల్ల కలిగే 'నష్టం, హాని' అనే అంశానికి ఒక ప్రత్యేక అధికరణాన్ని ఇచ్చింది. కానీ దాని వెంట చేసిన నిర్ణయంలో, ఆ అధికరణం బాధ్యతకు గాని నష్టపరిహారానికి గాని ఆధారం కాదని ఒక వాక్యం చేర్చారు. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన సదస్సు బాధిత దేశాల కోసం నిధి ఏర్పాటుకు అంగీకరించింది. అయినా ఇచ్చేది సహాయమని ఇచ్చేవారు, రావలసినది బాకీ అని పుచ్చుకునేవారు అంటూనే ఉన్నారు. డబ్బు ఒకటే అయినప్పుడు పేరులో ఏముందని అనిపించవచ్చు. పేరులో చాలా ఉంది. దానం దాత ఇష్టం మీద ఆధారపడుతుంది, ఎప్పుడైనా ఆపవచ్చు, పుచ్చుకున్నవాడు తల వంచాలి. బాకీని అడిగి తీసుకోవచ్చు.

పాపం అనే భావన కంటె ఋణం అనే భావన ఈ స్థితికి ఎక్కువగా సరిపోతుంది. ఋణానికి దురుద్దేశం అవసరం లేదు. తండ్రి చేసిన అప్పు, ఆస్తితోపాటు కొడుకుకు వస్తుంది. ఆస్తి మాత్రం నాది, అప్పు ఆయనది అనడానికి వీలులేదు. పరిశ్రమల సంపదను వారసత్వంగా అనుభవిస్తున్న సమాజాలకు ఈ న్యాయం నేరుగా వర్తిస్తుంది. గృహస్థు నిత్యం చేయవలసిన పంచ మహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి కావడం వల్ల, ఇతర ప్రాణుల పట్ల మనకు తీర్చవలసినది ఉందన్న భావనకూ మన సంప్రదాయంలో చోటు ఉంది.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఋణం తీరుతుంది, పోయిన జాతి తిరిగి రాదు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఒక చిన్న దీవిలో మాత్రమే బతికిన బ్రాంబుల్ కే ఎలుక, దీవి మీదికి సముద్రం మళ్లీ మళ్లీ రావడం వల్ల అంతరించింది. 2019లో ఆ దేశ ప్రభుత్వం దానిని అంతరించిన జాతిగా ప్రకటించింది. ఆ ఎలుకకు చెల్లించడానికి ఇప్పుడు ఎవరూ లేరు. ఇంకా పది లక్షల జాతులకు ఆ ప్రమాదం పొంచి ఉందని జీవవైవిధ్యంపై అంతర్జాతీయ వేదిక అదే ఏడాది అంచనా వేసింది. డబ్బు కట్టి కాలుష్యాన్ని కొనసాగించే ఏర్పాట్లను ఋణవిమోచనంగా భ్రమించకుండా ఈ హద్దు మనలను కాపాడాలి. చెల్లించగలిగినది చెల్లించడం ఎంత అవసరమో, చెల్లించలేని హానిని చేయకుండా ఆగడం అంతకంటె ముందు అవసరం.

ముగింపు

ఈ చర్చ నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, దుఃఖ మూలాన్ని బట్టి చేసిన తాపత్రయ విభజనలో ఆధిదైవికానికి ఉన్న స్వతంత్రత భూతాపం వల్ల తగ్గింది. ఎండ, వాన, ఉప్పెన వెనుక కొంతమేరకైనా మానవ కర్తృత్వం ఉంది. రెండు, ఆ కర్తృత్వానికీ భోక్తృత్వానికీ మధ్య ఏర్పడిన దూరమే అకృతాభ్యాగమం. పూర్వ దార్శనికులు విశ్వవ్యవస్థలో అది ఉండదని నమ్మారు. ఇవాళ అది ఉంది, దానిని విశ్వవ్యవస్థ తనంతట సరిచేయదు. చట్టం, పన్ను, పునరావాసం, అంతర్జాతీయ నిధి వంటి మానవ వ్యవస్థలే సరిచేయాలి. మూడు, సరిచేసే ప్రయత్నమూ అదే దోషంలో పడవచ్చునని కొల్లేరు హెచ్చరిస్తున్నది.

ఇక మిగిలినది ఆధ్యాత్మికం. సాంఖ్యులు కామాదుల వల్ల మనసుకు కలిగే బాధను అందులో చేర్చారు. తెలుగువాడుక దానినే విడిగా తీసుకుని తాపత్రయం అని పిలిచింది. ఆ తాపత్రయమంతా దోషం కాదు. వడగాలిలో పనికి పోయే కూలీది తాపత్రయమే, ముంపు స్థలంలో ఇల్లు కట్టుకున్న కుటుంబానిదీ తాపత్రయమే. వారిని ఆశ తగ్గించుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తగ్గించుకోవలసిన తాపత్రయం అవసరాలు తీరిన తరువాత కూడా ఆగనిది. ఎవరి తాపత్రయం బతకడానికి, ఎవరిది కూడబెట్టడానికి అని తేల్చకుండా భూతాపం గురించి చేసే ఏ నీతిబోధ అయినా బరువును మరల బలహీనుల మీదికే నెడుతుంది. కొల్లేటి లంకలలో 2006 తరువాత బతుకు వెతుక్కున్నవారికి ఈ సంగతి మనకంటె ముందే తెలుసు.